బజారు కింద బజారు

టమాటా వ్యాపారంలో లాభం కాయ అమ్మడంలో ఉండదు, కాలం కొలవడంలో ఉంటుంది. చెట్టు దిగిన క్షణం నుంచి కాయ ఆయువు కరిగిపోతూనే ఉంటుంది. పచ్చికాయ ఎప్పుడు కొనాలో, దోరకాయ ఎవరికి అంటగట్టాలో, మెత్తబడ్డదాన్ని మధ్యాహ్నం లోపల ఏ హోటలు వంటవాడి తలకు చుట్టాలో తెలిసినవాళ్ళకే ఆ సరుకు అన్నం పెడుతుంది. వదినకు పెట్టింది.

ఆమెను వదినా అని పిలిచే హక్కు అసలు ఒక్కడికే ఉంది, భర్త తమ్ముడికి. అతడు పక్క కొట్లో కోడిగుడ్లు అమ్ముతాడు. అతడి నోట విని విని బజారంతా ఆ పిలుపే అందుకుంది. మొగుడు లారీ వేసుకుని తోటల వెంట తిరిగి కాయ తెస్తాడు, వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. అమ్మకం, ఇల్లు, అత్తగారు, బజారు తగవులు అన్నీ వదిన నెత్తినే. మరిది బజారు సంఘానికి అధ్యక్షుడు. ముందు ప్రెసిడెంటుగారూ అంటారు, వెనకాల గుడ్ల ప్రెసిడెంటు అంటారు. గుడ్లు అమ్మేవాడికి సహజంగా అబ్బే గుణం ఒకటుంది. ఏ పనీ గట్టిగా పట్టుకోడు. గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో అతడికి తెలుసు.

పాత బజారు పడగొట్టి చాలాకాలమైంది. నగరం నడిబొడ్డున అంత జాగా కూరగాయల బుట్టల కింద నలిగిపోవడమేమిటని పెద్దవాళ్ళకు తోచింది. బిల్డరు వచ్చాడు. పైన ఆఫీసులు, ఆ పైన ఇళ్ళు, నేలమీద మీ కొట్లు అని నోటితో చెప్పాడు. కాగితం వచ్చేసరికి కొట్లు కార్లు నిలిపే అంతస్తు దాటి రెండో బేస్‌మెంటులోకి దిగిపోయాయి. ఆ కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ స్థలంలో పూర్వం బజారన్నదే లేదనీ, వ్యాపారులు ఖాళీ జాగా చూసుకుని తమంతట తాము వచ్చి కూర్చున్నారనీ, కనుక వాళ్ళకు కొట్లు ఇవ్వడం కంపెనీవారి దయ అనీ.

సంఘం సంతకం పెట్టింది. ఏ ఎండకా గొడుగు అన్నాడు మరిది. వదినా పెట్టింది. కానీ దయ అన్న మాట ఆమెకు పంటికింద రాయిలా తగిలింది. బేరం తెగ్గొట్టి తిట్లు తిన్న రోజులున్నాయి, సరుకు కుళ్ళి పస్తున్న రోజులున్నాయి. దయ పుచ్చుకున్న రోజు మాత్రం ఆమె లెక్కలో లేదు.

కొత్త భవనం లేచేదాకా తాత్కాలికమని, పునాదికి తవ్వుతున్న గుంత అంచునే రేకుల షెడ్లు వేసి ఇచ్చారు. సైటు లారీలకూ, కూరల బండ్లకూ, కొనేవాళ్ళకూ ఒకటే గేటు. పగలంతా తలమీద రేకుల సెగ, కాళ్ళకింద యంత్రాల అదురు. కాయ మామూలుకన్నా ఒక పూట ముందే పండిపోయేది.

ఒకనాడు భోజనాల వేళ, గుంతలో ప్రొక్లెయినర్ నడిపే డ్రైవరు షెడ్డుకు వచ్చి, బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. 

"వదినా, కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను గానీ, బజారు తవ్వితే బజారు దొరకడం ఇదే చూడడం."

"ఎండ దెబ్బ తగిలిందా?"

"దిగి చూడు. నీ పాత కొట్టు కిందే. మేనేజరు నోరెత్తొద్దన్నాడు. రేపు పొద్దున కాంక్రీటు పోసేస్తారు. నాకేం, నా బండి మట్టి ఎత్తుద్ది గానీ మాట్లాడదు."

"బండి మాట్లాడదు సరే. నువ్వు మాట్లాడుతున్నావుగా."

"మంచి కాయలు నాలుగు ఏరి పెట్టు, ఇంకాస్త మాట్లాడతా."

వదిన కాయలు ఏరి పెట్టింది. అందులో ఒకటి మెత్తటిది కలిపింది, అలవాటు చొప్పున. తర్వాత అతడి వెనకాలే మట్టి వాలు దిగింది.

గుంత అడుగున రాళ్ళు పరిచిన సందు ఒకటి బయటపడి ఉంది. నడుమ మురుగుకాలువ. రెండు పక్కలా వరసగా రాతి గడపలు. గడపరాళ్ళలో సన్నని గాడి, చెక్కపలకలు ఒకదాని పక్క ఒకటి జరిపి కొట్టు మూయడానికి. పాత బజారులో వదిన కొట్టుకూ పలకల తలుపే ఉండేది. పొద్దున్నే ఆ పలకలు తీసి గోడకు చేరవేసినప్పుడల్లా చేతికి తగిలిన బరువు ఆమెకు ఇప్పటికీ గుర్తు. ఒక గడప లోపల రాతి బల్ల ఉంది. దాని ముందంచు నడిమధ్యన అరిగి, నున్నబడి, కాస్త లోపలికి వంగింది. కొనడానికి వచ్చినవాళ్ళు మోచేతులాన్చి గీసి గీసి బేరమాడితే తప్ప రాయి అలా అరగదు. బల్ల మీద గిన్నెల్లా తొలిచిన గుంటలు ఉన్నాయి, పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. కుక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు కాబోలు అనుకుంది వదిన.

బల్ల వెనక రాతి మీద కూర్చుని చేతులు బారచాపింది. అటు గోడ, ఇటు గోడ వేళ్ళకు అందాయి. కూర్చున్న మనిషి లేవకుండా సరుకు అందుకోవాలంటే కొట్టు అంతకన్నా వెడల్పు ఉండకూడదు. ఆ గోడలు కట్టించినవాడు రాజో మంత్రో కాదు, మోకాళ్ళ నొప్పులున్న వ్యాపారి ఎవడో.

అంత చూసీ వదిన గుండె కరగలేదు. ఆమెలో మొదట మేలుకున్నది బేరమే. దాచాలనుకునేవాడి దగ్గర దాచే ఖరీదు ఉంటుంది. 

మేనేజరు ఆఫీసు ఇనుప పెట్టెలాంటి గది. చల్లటి గాలి, గోడమీద కాబోయే భవనం బొమ్మ. బొమ్మలో మనుషులు చేతుల్లో సంచులతో నవ్వుతూ నడుస్తున్నారు. ఒక్క సంచిలోంచి కూడా కాడ గానీ ఆకు గానీ బయటికి రాలేదు.

"కింద రాళ్ళు చూశాను బాబూ," అంది వదిన.

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. "ఏ రాళ్ళు?"

"మీరు రేపు పూడ్చబోయే రాళ్ళు. నాకు రెండో బేస్‌మెంటులో లిఫ్టు వెనకాల కొట్టు పడింది. అక్కడ టమాటా పెడితే ఎలుకలకు తప్ప ఎవరికీ కనపడదు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, నాకు నేలమీద గేటు పక్క మూల కొట్టు కావాలి."

ఆకాశమంత అడిగితే చెట్టంత వస్తుందని అడిగింది. అతడు కుదరదంటాడు. ఆమె లేచి నిలబడుతుంది. అతడు ఆగమంటాడు. ఇద్దరూ కాసేపు పెళ్ళాం పిల్లల కష్టాలు చెప్పుకుంటారు. చివరికి మొదటి బేస్‌మెంటులో మెట్ల పక్కన తేలుతుంది. అదీ ఆమె లెక్క.

"సరే," అన్నాడు మేనేజరు. 

వదినకు సరిగ్గా వినపడలేదు. "ఏంటి?"

"మూల కొట్టు మీకే. ఇప్పుడే రాసిస్తాను. ఎవరితోనూ అనకండి, అంతే."

రాసిచ్చాడు. ముద్ర కూడా కొట్టాడు. కాగితం మడిచి చేతిలో పట్టుకుని వదిన ఇంటిదారి పట్టింది. బజారులో అంత మంచి జాగా ఆమె కలలో కూడా అడగలేదు. అయినా తూకం తేలిపోయిన బుట్ట మోస్తున్నట్టు నడక కుదరలేదు.

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కాళ్ళు నెమ్మదించాయి గానీ నోరు నెమ్మదించలేదు.

"ఏమే, మొహం అలా పెట్టావు? లారీ బోల్తా పడిందా?"

"బేరం కుదిరింది అత్తయ్యా. గేటు పక్క మూల కొట్టు." వదిన జరిగిందంతా చెప్పింది.

"అడిగింది అడిగినట్టే ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"కుదరదనలేదా?"

"అనలేదు."

అత్తగారు ఒక గింజ నోట్లో వేసుకుని నమిలింది. "అయితే ఏనుగును అమ్మి మేక ధర తెచ్చుకున్నావు. పైగా సంబరంగా వచ్చావు."

"సంబరంగా రాలేదు."

"అదొక్కటే నయం."

వదిన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మరిది భోజనానికి వచ్చి కూర్చున్నాడు. రాళ్ళ సంగతి అతడికి ముందే తెలుసు. ప్రెసిడెంటు కాబట్టి మేనేజరు ముందు అతడికే చెప్పి నోరు నొక్కాడు. వదినకు అది మరో దెబ్బ.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావో తెలిసి. చూడు వదినా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ కొట్లవాళ్ళు ఎప్పుడో పోయారు. వాళ్ళు లేచొచ్చి అడుగుతారా? రాళ్ళ సంగతి బయటపడితే పని ఆగుద్ది. ఆగితే మనం ఆ రేకుల కింద ఉడుకుతూ కూర్చోవాలి. పునాది పడితే కొట్లొస్తాయి."

"ఏ కొట్లు? కార్ల కింద చీకట్లోవా? అక్కడికి ఎవరు దిగొచ్చి కొంటారు, దోమలా?"

"నీకేం, మూల కొట్టు కొట్టేశావంటగా, అమ్మ చెప్పింది."

"అదే నా కడుపుమంట. ఇక్కడ బజారు లేదని రాసి మన చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ రాళ్ళు కనపడితే ఆ మాట అబద్ధం. నా ఒక్క నోటికి మూల కొట్టు ఇచ్చాడు. మీ అందరి నోళ్ళకీ కలిపి దయ ఇచ్చాడు. ఎవరు ఎంత చవగ్గా పోయారో నువ్వే చూసుకో."

మరిది ముద్ద ఆపాడు. "ఆ రాళ్ళు చూపిస్తే నేలమీద కొట్లిస్తారని రాసుందా ఎక్కడైనా?"

"లేదు. అవి మనకు పనికొస్తాయో లేదో నాకు తెలీదు. వాడికి తొందరగా ఉంది, అంతవరకే తెలుసు. తొందరలో ఉన్నవాడికి మొదటి ధరకు అమ్మకూడదు."

"పని చెడితే సంఘం మొత్తం నిన్ను తిడుతుంది. ముందు నేనే తిడతా."

"తిట్టు. తిట్టి అన్నం తిను, చల్లారిపోతోంది."

ఆ సాయంత్రం వదిన పురావస్తు శాఖ ఆఫీసుకు వెళ్ళింది. పాత భవనంలో మెట్ల కింద గది. బల్లల నిండా పెంకుల ట్రేలు. ఒక అమ్మాయి కుంచెతో పెంకు తుడుస్తోంది. చెప్పింది విని కుంచె పక్కన పెట్టింది.

"ఏమీ దొరకలేదని కంపెనీవాళ్ళు రాసి పంపారు ఆంటీ. నేను వెళితే గేటు దగ్గరే ఆపేశారు. నా కళ్ళతో చూస్తే అక్కడికక్కడే పని ఆపే నోటీసు ఇవ్వగలను. లోపలికి పోవాలంటే మాత్రం పైనుంచి ఉత్తరం రావాలి."

"కాంక్రీటు రేపు పొద్దున పోస్తారంట."

ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. "పోశాక నేను చూడ్డానికి ఏమీ ఉండదు."

వదిన కాసేపు ఆలోచించింది. "కలిపిన కాంక్రీటు ఎంతసేపు నిలవుంటుంది?"

"ఎండాకాలంలోనా? పొద్దున కలిపింది మధ్యాహ్నం దాకా ఆగదు. బండిలోనే గట్టిపడిపోతుంది."

వదిన ముఖం విప్పారింది. ఇప్పటిదాకా కాంక్రీటంటే ఆమెకు కదలని కొండలా తోచింది. అది కొండ కాదు, టమాటా కన్నా అధ్వాన్నమైన సరుకు. చేతికి అంటకుండా ఎండలో నిలబెడితే చాలు, దాని చావు అది చస్తుంది.

"నువ్వు టమాటాలు తింటావా అమ్మాయ్?"

"తింటాను."

"అయితే పొద్దున్నే సంచి తెచ్చుకో. రేపు నా కొట్టు కింద తెరుస్తున్నా. కూరలు కొనేవాళ్ళని గేటు దగ్గర ఆపాలంటే వాళ్ళకే ఉత్తరం కావాలి."

ఆ బజారుకు రాసుకోని నియమం ఒకటుంది. పొద్దున్నే ఎవరు ఎక్కడ గుడ్డ పరిచి సరుకు పోశారో, వాళ్ళంతట వాళ్ళు ఎత్తి దులిపేదాకా ఆ జాగా వాళ్ళది. జాగా మీద తగవుంటే గుడ్డ దులిపాక తీర్చుకోవాలి. ఇంకొకరు గుడ్డ అంచు ముట్టుకున్నా, ఆ మనిషి దగ్గర బజారులో ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. నిమ్మకాయలాయన ఒకసారి పక్కవాడి గుడ్డ జానెడు జరిపి, చివరికి వేరే ఊరు చూసుకోవలసి వచ్చింది. ఆ తీర్పు చెప్పింది గుడ్ల ప్రెసిడెంటే.

తెల్లవారగానే వదిన తోపుడుబండి మీద టమాటా పెట్టెలతో గేటు దాటింది. వాచ్‌మన్‌కు అది రోజూ చూసే బండే. షెడ్డు దగ్గర ఆగవలసిన బండి ఆగకుండా మట్టి వాలు దిగిపోతుంటే అతడు ఆవులింత మధ్యలో నోరు మూయడం మరిచిపోయాడు. వదిన రాతి బల్ల ముందు సందులో గుడ్డ పరిచింది. పండుకాయలు ముందు, దోరకాయలు వెనక పోసింది. తక్కెడ బల్లమీద పెట్టి, వెనక రాతి మీద కూర్చుంది. 

కాంక్రీటు బండ్లు వచ్చాయి. వాటి డ్రమ్ములు నెమ్మదిగా తిరుగుతున్నాయి. వాటి వెనకే మేనేజరు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వాలు దిగి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"కొట్టు."

"నీకు గేటు పక్కన ఇచ్చాను కదా."

వదిన మడత పెట్టిన కాగితం తీసి అతడి చేతిలో పెట్టింది. "ఇదిగో బాబూ. ముద్ర చెడకుండా తెచ్చాను. సరుకు ఏంటో తెలుసుకోకుండా అమ్మాను, బేరం రద్దు."

"పోనీ, రెండో కొట్టు కూడా..." అంటూ ఆగాడు మేనేజరు. డ్రైవర్లు చూస్తున్నారు. గొంతు మార్చాడు. "నీకు ఏ కొట్టూ ఉండదు. జాబితాలోంచి నీ పేరు కొట్టేయిస్తా."

"ఏ పేరు? లిఫ్టు వెనకాల చీకట్లో రాసిన పేరేగా. కొట్టేయ్. అక్కడ అది ఎవరికీ కనపడదు కూడా."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మేనేజరు ప్రెసిడెంటుకు కబురు పంపాడు. మరిది వచ్చాడు. అతడి వెనక బజారంతా వచ్చింది. ఉల్లిపాయలామె, ఆకుకూరలాయన, తాళాలు బాగుచేసే ముసలాయన, కొత్తగా పళ్ళు అమ్ముతున్న ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళ ముఖాల్లో వదిన మీద ప్రేమేమీ లేదు. అందరికీ వినపడేలా మేనేజరు అన్నాడు: "ఈ ఆడమనిషిని పైకి తీసుకెళ్ళండి. బండ్లు ఖాళీ కాకుండా తిరిగి వెళితే సంఘంలో ఒక్కరికి కూడా కొట్టు లేదు."

"వదినా, గుడ్డ దులుపు," అన్నాడు మరిది. 

"దులపను."

"నీ ఒక్కదాని పంతానికి ఇంతమంది నోట్లో మట్టి కొడతావా?"

"మట్టి కొట్టేవాళ్ళు అదిగో, డ్రమ్ముల్లో తెచ్చారు. నా దగ్గర టమాటాలే ఉన్నాయి. ప్రెసిడెంటువి కదా, ఎత్తగలిగితే నువ్వే ఎత్తు."

మరిది వంగాడు. చేయి గుడ్డ అంచుదాకా వెళ్ళింది. ఉల్లిపాయలామె గొంతు సవరించుకుంది. నిమ్మకాయలాయన బుట్టలు సర్దుకుని వెళ్ళిపోయిన రోజు అక్కడున్న అందరికీ గుర్తుంది, అందరికన్నా మరిదికి ఎక్కువ గుర్తుంది. అతడు నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. 

"నా వల్ల కాదు సార్," అన్నాడు మేనేజరుతో.

"గుడ్డే కదయ్యా! గుడ్డ ఎత్తడానికి ఏమైంది?" మేనేజరు పక్కనున్న కూలీకి సైగ చేశాడు. "నువ్వు లాగెయ్."

మేనేజరు చేసిన తప్పు అదే. వదిన మీద కోపంతో దిగివచ్చిన జనం ఆ మాటతో ఒక అడుగు ముందుకు వేశారు. 

"ముట్టుకోకు," అన్నాడు మరిది. కేకేమీ వేయలేదు. కూలీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు ఆ అమ్మాయి సంచి ఊపుకుంటూ వాలు దిగి వచ్చింది. మేనేజరు ఆమెను గుర్తుపట్టాడు. "నిన్ను లోపలికి ఎవరు రానిచ్చారు?"

"టమాటాలు కావాలి సార్," అంది ఆ అమ్మాయి.

"నా బేరం చెడగొట్టకు బాబూ, బోణీ ఇంకా కాలేదు," అంది వదిన. కాయలు తూచి సంచిలో పోసింది. మెత్తటికాయ ఒక్కటి కూడా వేయలేదు. ఆ అమ్మాయి డబ్బులిచ్చి, చిన్న కుంచె తీసి, బల్లమీద తక్కెడ పక్కకు జరిపి గుంటలు తుడిచింది. 

"ఇవి కొలతలు," అంది. "గింజలు కొలవడానికి తొలిచారు. సరుకు ఇందులో పోసి, నిండాక ఈ కింది కంతలోంచి కొనేవాళ్ళ సంచిలోకి వదిలేవాళ్ళు." పెద్ద గుంట అడుగున గోరు ఆనించి ఆగింది. మళ్ళీ తుడిచి వంగి చూసింది. "ఇందులో అడుగున సున్నం మెత్తారు. రాయి తొలిచాక చాలాకాలానికి ఎవరో మెత్తారు."

"ఎందుకు?" అన్నాడు మరిది.

ఆ అమ్మాయికి నవ్వు వచ్చింది. "ఎందుకేంటండీ, గుంట లోతు తగ్గడానికి. నిండుగా పోసినట్టే కనపడుతుంది, గింజలు తక్కువ పడతాయి."

మరిది కడుపు పట్టుకుని నవ్వాడు. దొంగ రాళ్ళూ, అతుకు తక్కెడలూ, తడిపిన ఆకుకూరలూ పట్టుకోవడంతోనే అతడి అధ్యక్షత సగం గడిచిపోయింది. ఆకుకూరలాయన నవ్వబోయి, తన సంగతి గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

"ఇక అనుమానం లేదు," అంది వదిన. "మనవాళ్ళే. దయ మీద కూర్చున్నవాడు ఇంత నిబ్బరంగా మోసం చేయడు. సొంత బజారైతేనే చేస్తాడు."

ఆ అమ్మాయి సంచిలోంచి నోటీసు పుస్తకం తీసింది. అది చూసి మేనేజరు మొదటి బండికి చేయి ఊపాడు. "రానీ, వెనక్కి రానీ! ఆవిడ రాసేలోపల ఆ చివరి నుంచి పోత మొదలుపెట్టు."

బండి కూతపెడుతూ వెనక్కి వాలు దిగసాగింది. సందు అవతలి చివర గడపలు ఖాళీగా ఉన్నాయి. వదిన లేచింది గానీ, లేచినంత మాత్రాన రెండు చోట్ల ఉండలేదు. మరిది అప్పటికే పైకి పరుగు తీశాడు. ఆ మనిషి పరుగెత్తగా బజారులో ఎవరూ చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. చేతుల్లో గుడ్ల అట్టలు దొంతరగా ఉన్నాయి, అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. బండి వెనక చక్రాలకు ఎదురుగా తన పైగుడ్డ పరిచి, అట్టలు ఒక్కొక్కటిగా సందుకు అడ్డంగా పేర్చాడు.

బండి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "సార్, గుడ్లున్నాయి."

"తొక్కించు," అన్నాడు మేనేజరు.

"గుడ్లు సార్. మా ఇంట్లో తెలిస్తే అన్నం పెట్టరు."

ఉల్లిపాయలామె తన గుడ్డ తెచ్చింది. తాళాలాయన తన ఇనుప పెట్టె తెచ్చి ఒక గడప మీద దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆకుకూరలాయన మోపు విప్పాడు, అన్నదమ్ములు పళ్ళు గోపురంగా పేర్చారు. కాసేపటికి సందుకు రెండు పక్కలా గడపకొక కొట్టు తెరుచుకుంది. షెడ్లు ఖాళీగా కనపడి వెతుక్కుంటూ వచ్చిన కొనేవాళ్ళు వాలు దిగడం మొదలుపెట్టారు. అత్తగారిని ఎవరో కుర్చీతో సహా మోసుకొచ్చి ఎదురు గడపలో దించారు. ఆమె ఒళ్ళో బఠాణీలు పోసుకుని, ఒలిచిన గింజలకు ఒక ధర, ఒలవని కాయలకు ఒక ధర చెప్పసాగింది. 

నోటీసు గేటుకు అంటించే వేళకు ఎండ ముదిరింది. డ్రమ్ములు ఇంకా తిరుగుతున్నాయి గానీ వాటి చప్పుడు బరువెక్కింది. మొదటి డ్రైవరు దిగి వచ్చి మేనేజరుతో అన్నాడు: "సార్, ఇంకాసేపుంటే నా డ్రమ్ములో మీ పునాది లేస్తుంది. పోయమంటారా, పొమ్మంటారా?" మేనేజరు గేటుకు అంటించిన కాగితం వైపు చూసి, పొమ్మని చేయి విసిరాడు. బండ్లు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

జనం చప్పట్లు కొట్టలేదు. తర్వాత ఏం జరుగుతుందోనన్న భయం అందరికీ ఉంది. ఉల్లిపాయలామె వదిన దగ్గరికి వచ్చి సూటిగానే అడిగింది: "నీ మూల కొట్టు పోయింది. మా కొట్లు వస్తాయో రావో తెలీదు. ఇందులో లాభం ఎక్కడుంది వదినా?"

"ఇప్పటిదాకా మన దగ్గర అమ్మకానికి ఏమీ లేదు. వాడిచ్చింది తీసుకోవడమే," అంది వదిన. "ఇప్పుడు సరుకు మన కింద ఉంది, కొనేవాడు గట్టు మీద ఉన్నాడు. లాభం సాయంత్రం చూద్దాం."

మధ్యాహ్నం దాటాక మేనేజరు మళ్ళీ దిగి వచ్చాడు, ఈసారి ఒక్కడే. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. పొద్దుటినుంచి పైవాళ్ళతో ఫోనులో మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది. రాతి బల్ల ముందు నిలబడి, అనుకోకుండానే మోచెయ్యి దానిమీద ఆన్చాడు. అది సరిగ్గా ఆ అరిగిన చోటే పడింది.

"అసలు మీకేం కావాలి?" అన్నాడు. 

"ఇప్పుడు అడిగారు," అంది వదిన. "కూర్చోండి. నిలబడి ఆడే బేరం కాదిది. మరిదీ, నువ్వు కూడా రా."

మేనేజరు గడపరాయి మీద కూర్చున్నాడు. మరిది పక్కనే నిలబడ్డాడు. వదిన తక్కెడ పక్కన పెట్టి చెప్పింది. ఈ సందు ఎలా ఉన్నది అలాగే ఉండాలి, పైనుంచి వచ్చేపోయేవాళ్ళకు కనపడాలి. దాని చుట్టూ నేలమీద బజారు ఉండాలి, ఒక్కరు కూడా చీకట్లోకి దిగకూడదు. పాత కాగితం చించి కొత్తది రాయాలి, అందులో దయ అన్న మాట ఎక్కడా ఉండకూడదు. 

మేనేజరు అంతా విన్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గుడ్ల అట్టల వైపు చూశాడు, గుడ్డమీద మిగిలిన టమాటాల వైపు చూశాడు.

"కుదరదు," అన్నాడు.

వదినకు ప్రాణం లేచివచ్చింది. మరిది వైపు చూస్తే అతడు నవ్వు ఆపుకోవడానికి మీసం దువ్వుకుంటున్నాడు. 

ఎదురు గడపలోంచి అత్తగారు చెవి దగ్గర చేయి పెట్టుకుని కేకేసింది. "ఏమన్నాడే?"

"కుదరదంటున్నాడు అత్తయ్యా."

"హమ్మయ్య, దారికొచ్చాడు," అంది అత్తగారు. "మంచినీళ్ళివ్వు. పొద్దుపోయేదాకా పడుతుంది."